అసీలు కోడి: దాని చరిత్రము, రక్షణము

ఆదివారమునాడు హైదరాబాదు నగరమున ఆబిడ్సు అంగళ్లు పెక్కు మూసియుండును. ఆ మూసిన తలుపుల ముందటి కాలిబాటలపై పాతపుస్తకముల వర్తకులు పట్టాలు పరచి తమ సరకు పేర్చుకొందురు. న్యాయశాస్త్ర గ్రంథముల ప్రక్కన వంటల పుస్తకములును, బడిపిల్లల వాచకముల క్రింద పాత పంచాంగములును అచ్చట దొరకును. అట్టి గుట్టలో మా కొకనాడు అట్ట లేని సన్నని తెలుగు పుస్తకమొకటి చిక్కినది. అది కుక్కుటశాస్త్రము. ఏ వారమున ఏ రంగు పుంజును ఏ దిక్కునుండి బరిలోనికి దింపినచో గెలుపు కలుగునో చెప్పు పుస్తకమది. మేము దానిని కొని సంచిలో వేసికొనగా వెంటనున్న మిత్రులు నవ్వి, "జూదరి చేతి పుస్తకము మీ యింట నేల?" అని యడిగిరి.

ఆ ప్రశ్న న్యాయమైనదే. కోడిపందెము మూగజీవుల నెత్తుటితో ఆడు జూదము. సంక్రాంతి మూడు దినములలో ఎన్ని కుటుంబముల ధాన్యపు సొమ్ము బరిలో పోవుచున్నదో గ్రామముల నెరిగినవా రందరకును తెలియును. దానిని సమర్థించుట మా యుద్దేశము కాదు. కాని ఆ పుస్తకమునుండి వారములను, తిథులను, దిక్కులను తీసివైచిన పిదప మిగులున దొకటి కలదు. కోడిని ఈక యీకగా పరీక్షించి, ఒకదానికిని వేరొకదానికిని గల భేదము కనిపెట్టి, పేరు పెట్టిన చూపు అది. జూదమును విడిచిపెట్టుచు ఆ చూపును గూడ విడిచిపెట్టవలయునా? ఇదియే మేము చదువరుల ముందుంచు ప్రశ్న.

ముం దా పేళ్లను చూతము. నల్లనిది కాకి; తెల్లనిది సేతు; ఎర్రనిది డేగ; మెడపై నల్లని యీకలు గలది సవల; మెడపై నలుపును తెలుపును సమముగా నున్నది పర్ల; రెక్కలమీదనో వీపుమీదనో పసుపువన్నె గలది నెమలి; నలుపు, ఎరుపు, పసుపు మూడును గలది కౌజు; లేత బంగారువన్నె గలది అబ్రాసు. ఇట్లే మైల, పూల, పింగళ మున్నగు పేళ్లు మరికొన్ని కలవు. ఉర్దూ మాటలాడు పోషకుల పేళ్లు వేరు. తెల్లనిది నూరీ, నల్లనిది కాగర్, ఎరుపు కలిసిన బంగారువన్నెది పీలా, నలుపు తెలుపుల చుక్కలు గలది చిట్టా. పశుశాస్త్ర గ్రంథములలోనికి ఎక్కినవి ఈ రెండవ వరుస పేళ్లే. తెలుగు పేళ్లు జూదరుల నోటను, చిల్లర పుస్తకములలోను మాత్రమే నిలిచినవి.

పేళ్ల చరిత్రము విచిత్రమైనది. ఆబిడ్సు అను పేరు, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కొలువున నుండిన ఆల్బర్టు ఆబిద్ అను నాతని అంగడినుండి వచ్చినది. అంగడి పోయి ఎంతో కాలమైనది. పేరు మాత్రము నిలిచినది. మన కోళ్ల గతి దీనికి విపరీతము. పక్షి ఇంకను పెరటిలో తిరుగుచున్నది, పేరు మరుగుపడుచున్నది. పేరు పోయిన జాతిని వేరొకదానితో కలిపివేయుటకు ఎవరును సంకోచింపరు.

అయితే రంగు వేరు, జాతి వేరు. కాకియైనను డేగయైనను ఒకే జాతి పక్షులు కావచ్చును. దక్షిణాపథమున పందెపు కోళ్లలో ప్రధానమైన జాతికి అసీలు అని పేరు. అరబ్బీ భాషలో ఈ మాటకు శుద్ధమైన వంశము గలది అని యర్థము. మనము దినమునకు పదిసార్లు పలుకు 'అసలు' అను మాటయు ఆ ధాతువునుండి పుట్టినదే.

అసీలును గుర్తించుట యెట్లు? నిలువున నిలిచిన దేహము, పొడవై బలిసిన మెడ, వెడల్పైన రొమ్ము, ఒంటికి అంటుకొని గట్టిగా నున్న కురుచ యీకలు, క్రిందికి వాలిన తోక, దూరముగా నాటుకొన్న బలమైన కాళ్లు. తలమీది జుట్టు రంపపు పండ్లవలె నిలువక, మూడు చిన్న గట్లుగా తలకు అణగియుండును. గడ్డము క్రింద వ్రేలాడు ఎర్రని తోలు మిక్కిలి చిన్నది, లేదా లేనే లేదు. ఎదిగిన పుంజు 3 మొదలు 4 కిలోలును, పెట్ట 2 మొదలు 3 కిలోలును తూగును. గుడ్లు తక్కువ, ఏటికి కొన్ని పదులే. కాని పెట్ట శ్రద్ధగా పొదుగును, పిల్లలను గ్రద్దనుండి కాచుకొనును.

ఇచ్చట కొనువారు మోసపోవు స్థానమొకటి కలదు. అణగిన జుట్టును చూచి, ఇది అసలైన అసీలు అని నమ్ముదురు. 1902లో బేట్సను అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు, మెండెలు బఠానీ మొక్కలలో కనుగొనిన వారసత్వ నియమములు జంతువులకును చెల్లునని కోళ్ల జుట్టులను పరీక్షించియే నిరూపించెను. అణగిన జుట్టు గల కోడిని రంపపు జుట్టు గల కోడితో జతపరచినచో, మొదటి తరము పిల్లల కన్నిటికిని జుట్టు అణగియే యుండును. కావున సగము నాటుకోడి యైనదియు తలవరకు అసీలువలెనే కనుపించును. అట్టి సంకరపు కోళ్లను తమలో తాము జతపరచినపుడు, రెండవ తరమున సుమారు నాల్గింట నొక పిల్లకు రంపపు జుట్టు బయటపడును. అందుచే తెలివిగలవాడు పుంజును మాత్రమే చూచి కొనడు. దాని తల్లిని, తోబుట్టువులను, పిల్లలను గూడ చూచును. తల్లి చాలు పిల్లకు తప్పదని మన పెద్ద లన్నది ఊరక కాదు.

ఈ పరిశీలనము మనదేశమున నిన్న మొన్న పుట్టినది కాదు. కామసూత్రములలోని అరువదినాలుగు కళలలో పొట్టేళ్ల, కోళ్ల పోరు నడపుట యొకటి. 6వ శతాబ్దివాడైన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో కోడి లక్షణములకు ప్రత్యేకముగా ఒక యధ్యాయము నిచ్చెను. దండి దశకుమారచరితమున ప్రమతి కథలో కోడిపందెము వచ్చును. అచ్చట నారికేళజాతి కోడికి బలాకాజాతి కోడిని ఎదురు నిలిపినందుకు ప్రమతి నవ్వును. అనగా, కోళ్లలో పేరుగల జాతు లున్నవనియు, ఒక జాతి బలము వేరొక జాతికి లేదనియు ఆనాడే లోక మెరుగును. ఆ గ్రంథమును 13వ శతాబ్దిలో కేతన తెనిగించి తిక్కన కంకిత మిచ్చెను. పలనాటి కథలో నాయకురాలికిని బ్రహ్మనాయనికిని జరిగిన కోడిపందెమే అన్నదమ్ముల యుద్ధమునకు దారితీసె నని జనులు నేటికిని చెప్పుకొందురు. క్రీడాభిరామమున ఓరుగల్లు వీథులలోని వినోదములతో పాటు కోడిపోరును వర్ణితమైనది.

మేము పుస్తకము కొనిన ఆబిడ్సులోనే 1918లో స్థాపితమైన రెడ్డి హాస్టలు కలదు. దానికి కార్యదర్శిగా పనిచేసిన సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రికను స్థాపించిరి. 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్రము వెలువరించిరి. రాజుల వంశావళులనే చరిత్రమనుకొను దినములలో, ప్రజల తిండి, గుడ్డ, ఆటపాటలు, పందెములు గూడ చరిత్రమే యని వారు చూపిరి. ఆ దృష్టితో చూచినచో పెరటికోడియు చరిత్రమునకు ఆధారమే.

కోడి చరిత్రము ఎంత దూరము పోవునో చూడుడు. 1868లో డార్విను లోకమందలి పెంపుడు కోళ్లన్నియు ఎర్ర అడవికోడి సంతతియే యని వ్రాసెను. 2020లో ప్రకటితమైన పరిశోధనము, ఆ కోడి బర్మా, ఉత్తర థాయిలాండు, నైఋతి చైనా ప్రాంతములలో మచ్చికయైన దని తేల్చినది. డార్విను చెప్పినది చాలవరకు నిజము; కాని సంపూర్ణముగా కాదు. కాళ్లును చర్మమును పసుపుగా నుండు గుణము ఎర్ర అడవికోడినుండి రాలేదనియు, బూడిద వన్నె అడవికోడినుండి వచ్చిన దనియు 2008లో తెలిసినది. ఈ బూడిదకోడి మన ద్వీపకల్పపు అడవులలో దక్క మరెక్కడను లేదు. లోకములో ఎచ్చట పసుపు కాళ్ల కోడి నడచినను దానిలో దక్షిణభారతపు అంశ మున్న దన్నమాట.

అసీలు ప్రయాణ మింకను ఆశ్చర్యకరము. ఇంగ్లండులోని కార్నువాలు సీమవాడు, మన దేశమున సైన్యాధికారిగా పనిచేసినవాడు అగు సర్ వాల్టరు గిల్బర్టు, 19వ శతాబ్ది ప్రథమభాగమున అసీలును ఆంగ్లజాతి పందెపుకోడితో కలిపి క్రొత్త జాతిని తీసెనని ప్రతీతి. దానిని ఇంగ్లండున ఇండియన్ గేమ్ అనియు, అమెరికాలో కార్నిష్ అనియు పిలుతురు. అది పోరునకు పనికిరాలేదు గాని, దాని రొమ్ము మాంసము విశేషమైనది. 1948లో అమెరికాలో 'రేపటి కోడి' యను పోటీలో చార్లెస్ వాంట్రెస్ అను నాతడు కార్నిష్ సంకరముతోనే బహుమతి గెలిచెను. నేటి బ్రాయిలరు కోడికి మగవైపు మూలము ఆ కార్నిష్ జాతియే. నాంపల్లి వీథులలో మాంసపు దుకాణపు తీగగూటిలో తెల్లని కోళ్లు క్రిక్కిరిసి కూర్చుండును. ఆరు వారములలో రెండు కిలోలు దాటి, తన బరువు తానే మోయలేక కుంటు ఆ పక్షికి ముత్తాతలలో ఒకడు దక్కను మైదానములలో తల యెత్తి నిలిచిన అసీలు.

ఆ తెల్లకోళ్లను మేము నిందింపము. 1971లో బండా వాసుదేవరావుగారు వేంకటేశ్వర హేచరీసు స్థాపించిరి. 1982లో గుడ్ల ఉత్పత్తిదారుల జాతీయ సమన్వయ సంఘ మేర్పడి, దళారుల చేతినుండి ధర నిర్ణయమును రైతు చేతికి తెచ్చినది. ఏటికి 300 గుడ్లు పెట్టు కోడివలన బీదవాని బిడ్డకు గుడ్డు అందినది. ఇది గొప్ప మేలు. అయితే ఆ కోడి పొదుగుట మరచినది. దాని పిల్లను మన పెరటిలో పెంచి మరల అట్టి కోడిని పొందలేము. మాటిమాటికి కంపెనీ తలుపు తట్టవలసినదే. రైతు విత్తనపు గాదెను అమ్ముకొని ఏటేట అంగడిలో విత్తనము కొనుటవంటిదే యిది. క్రొత్త తెగులు వచ్చిననాడు, మేత కరవైననాడు, ఎండలు ముదిరిననాడు ఏ గుణము కావలసివచ్చునో ఎవరు చెప్పగలరు? ఆ గుణములు పాతజాతులలో దాగియున్నవి.

ఈ సంగతి ప్రభుత్వమును గుర్తించినది. 1988లో హైదరాబాదు రాజేంద్రనగరమున కోళ్ల పరిశోధనకు కేంద్రసంస్థ యొకటి వెలసినది. పెరటి పెంపకమునకు వనరాజ, గ్రామప్రియ అను కోళ్లను రూపొందించినది ఈ సంస్థయే. అసీలు, ఘాగస్ జాతుల మందలను గూడ అచ్చట ఉంచి పరిశీలించుచున్నారు. కర్నాలులోని జాతీయ పశుజన్యు వనరుల సంస్థ దేశీయ జాతులను నమోదుచేయుచున్నది. ఆ పట్టికలో ఆంధ్రదేశపు పేరు అసీలుతో పాటు ఉత్తరాంధ్రపు డంకి, చిత్తూరు సీమ కాళహస్తి, కన్నడసీమతో పంచుకొను ఘాగస్ అను జాతుల కెదురుగా నున్నది. అయితే సంస్థలోని మంద యొకచోటిది. ఒక తెగులు వచ్చినచో అంతయు పోవచ్చును. జాతి నిలువవలెనన్న నది యిండ్లలో నిలువవలెను.

ఇపు డసలు చిక్కునకు వత్తము. "పందెము లుండబట్టియే అసీలు నిలిచినది, పందెము మానిపించినచో జాతియే పోవును," అని పందెగాండ్రు వాదింతురు. ఈ మాట వినినపుడెల్ల తన కోడియు కుంపటియు లేనిదే ఊరికి తెల్లవార దనుకొనిన ముసలమ్మ కథ మాకు జ్ఞప్తికి వచ్చును. నిన్నటివరకు వారివలన జాతి నిలిచినమాట కొంత నిజమే. దానిని కాదనుట అన్యాయము. కాని నేటి బరిలో కాలికి కత్తి కట్టుదురు. కత్తి నిమిషములలో పోరు ముగించును. వంశపు ఓర్పునకు అచ్చట విలువ తగ్గినది. గెలుపునకై దూరదేశపు పందెపు జాతులతో సంకరము చేయుటయు మొదలైనది. అనగా, జాతిని కాపాడితి మని చెప్పుకొను చేతులే దానిని చెరచుచున్నవి. చట్ట మెటులును వారి పక్షమున లేదు. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టమును, 1974 నాటి జూద నిషేధ చట్టమును పందెమును నేరముగా నెంచుచున్నవి. 2016లో హైదరాబాదు ఉన్నత న్యాయస్థానమును వీనిని ఆపవలసినదని యాజ్ఞాపించినది.

ఇంగ్లండులో నేమి జరిగినదో చూడుడు. 1835లో ఆ దేశమున కోడిపందెము చట్టముచే నిషిద్ధమైనది. పది సంవత్సరములకు, 1845లో, లండను జంతుప్రదర్శనశాలలో మొదటి కోళ్ల ప్రదర్శనము జరిగినది. బరిచుట్టు నిలిచినవారిలో పెక్కండ్రు బహుమతి పతకములచుట్టు నిలువ నేర్చిరి. 1865లో ఏ జాతికి ఏ లక్షణము లుండవలెనో నిర్ణయించు గ్రంథము అచ్చయినది. పోరు పోయినది, జాతులు నిలిచినవి. అయితే అందును ఒక దోషము పుట్టినది. చూపునకు మాత్రమే ప్రాధాన్యమిచ్చి, కాళ్లును మెడయు సాగదీసి, కొంగవంటి కోడిని తయారుచేసి దానికి నవీన పందెపుకోడి యని పేరు పెట్టిరి. అందము కొరకు ఆరోగ్యమును బలిపెట్టుట జూదము కొరకు ప్రాణమును బలిపెట్టుటకు తమ్ముడే. మనము ప్రదర్శనమును తెచ్చుకొనవలెను. ఆ దోషమును తెచ్చుకొనరాదు.

పెంపకమునకు కొన్ని లెక్క లెరిగియుండుట మంచిది. ఒక పుంజు, 20 పెట్టలు గల మంద చూపునకు పెద్దదే. కాని పిల్లలందరి సగము వంశము ఆ యొక్క పుంజుదే యగుటచే, శాస్త్రపు లెక్కలో నది సుమారు 4 కోళ్ల మందతో సమానము. అట్టి మందలో తరమునకు నూటికి 13 వంతుల చొప్పున దగ్గరి చుట్టరికము పెరుగును; గుడ్లు పొదుగక మురుగుట, పిల్లలు కుంటివగుట దాని ఫలము. 5 పుంజులు, 15 పెట్టలు గల మంద 15 కోళ్లతో సమానము. అందు ఆ దోషము నూటికి 3 వంతులకు కొంచె మధికము. మొత్తము 20 కోళ్లే యైనను ఫలమున ఎంత భేదము!

కాని అసీలు పుంజు లైదు ఒక పెరటిలో ఇమడవు. కొన్ని వారముల పిల్లలే కలహించుకొనును. కావున ఇది యొక యింటివారి పని కాదు, ఐదిండ్లవారి పని. ఒక్కొక్క యిల్లు ఒక పుంజును, మూడు పెట్టలను ఉంచుకొనవలెను. ఏటేట పుంజును వరుసలోని తరువాతి యింటికి పంపవలెను. పిల్లల కాళ్లకు కడియములు తొడిగి, తల్లి యెవరు, తండ్రి యెవరు, రంగేమి, జుట్టేమి అని పుస్తకమున వ్రాయవలెను. బయటనుండి వచ్చిన కోడిని రెండు మూడు వారములు వేరుగా నుంచి, కొక్కెర తెగులునకు టీకా వేయించిన పిదపనే మందలో విడువవలెను. విత్తనమునకు పుంజును ఎన్నుకొనునపుడు దాని కోపమును గాక, దాని తల్లి యెన్ని గుడ్లు పొదిగి ఎన్ని పిల్లలను దక్కించుకొన్నదో చూడవలెను. ఈ లెక్క ఎల్లప్పుడును పెరటిలో నున్న గృహిణికే తెలియును. కుక్కుటశాస్త్రము వ్రాసినవారు పుంజు రంగులకు పుటలు నింపిరి. పెట్టను గూర్చియు, దానికి నూకలు చల్లిన యిల్లాలిని గూర్చియు వ్రాయలేదు. జాతిని నిజముగా కాపాడినది వీరిద్దరే.

ఇట్టి యిండ్లవా రొకచోట కలియుటకు తావు కూడ సిద్ధముగా నున్నది. 1938లో ఉస్మానియా పట్టభద్రులు పబ్లికు గార్డెన్సులో దేశీయ వస్తువుల ప్రదర్శన మారంభించిరి. 1946లో నది నాంపల్లి మైదానమునకు మారినది. నుమాయిష్ అని ప్రజలు పిలుచు ఆ ప్రదర్శనము జనవరి నెలలో మొదలగును. అనగా సంక్రాంతి దినములు దాని నడుమనే పడును. గోదావరి తీరమున బరులు గీయు ఆ దినములలోనే, నాంపల్లిలో కొన్ని గూళ్లు వరుసగా పెట్టి, ప్రతి గూటికి పక్షి పేరు, వంశము, పెంచిన యిల్లాలి పేరు వ్రాసి కట్టవచ్చును. పోరు లేదు, పందెము లేదు, కత్తి లేదు. బహుమతి పుంజునకు మాత్రమే గాక, పిల్లలతో నున్న పెట్టకును ఈయవలెను. పిల్లలు వచ్చి, ఇది డేగ, ఇది సవల, ఇది కౌజు అని చదువుకొనవలెను.

ఆ సన్నని పుస్తకము మా బల్లమీదనే యున్నది. వారములు, దిక్కులు ఉన్న పుటలను మేము చింపలేదు. అవియు మన అజ్ఞానమునకు సాక్ష్యములు. వాని ప్రక్కన ఒక తెల్లకాగితము కుట్టించి, రంగుల పేళ్లు మాత్రము వేరుగా వ్రాసికొంటిమి. మా మిత్రులు మరల వచ్చినపుడు దానిని చూచి, ఈసారి నవ్వక, తమ యూరిలో నెమలి యని దేనిని పిలిచెదరో చెప్పి మా వ్రాత నొకచోట దిద్దిరి.